ఉలుకు తాయెత్తు

గుడియాత్తంలో మా ఇంటికీ మా పవర్‌లూమ్ షెడ్డుకూ మధ్య ఒకే గోడ. ఆ పన్నెండు మగ్గాల మోతలోనే నా మనవరాలు మహతికి యాభై రోజులు నిండాయి. పక్కింటి ఇంద్రాణి తన మనవడు చప్పుళ్ళకు ఉలిక్కిపడకుండా ఉలుకు తాయెత్తు కట్టించినప్పుడు నేను పగలబడి నవ్వాను.

"మాది మగ్గాలోళ్ళ బిడ్డమ్మా! నెత్తిన పిడుగు పడినా ఉలకదు" అని వీధంతా గొప్పలు చెప్పుకున్నాను.

టీకా వేయించడానికి వేలూరు తీసుకెళ్తే, డాక్టరమ్మ ఆ గొప్పంతా దించేసింది. మహతి తల వెనక గట్టిగా చప్పట్లు కొట్టింది. బిడ్డ కదల్లేదు. మళ్ళీ కొట్టింది. రెప్ప కూడా ఆడలేదు.

"పెద్ద చప్పుడైతే, అదేందో తెలిసేలోగానే ఒళ్ళు ఉలిక్కిపడాలమ్మా. ప్రాణం కాపాడుకునేదానికి పుట్టుకతోనే వచ్చే గుణం అది. ఈ బిడ్డకు చెవులు వినపడతా ఉండాయో లేదో, సోమవారం మిషన్‌లో చూస్తాం" అంది.

బస్సులో నా కోడలు లోకేశ్వరి ఊరు దగ్గర పడ్డాక అడిగింది.

"బిడ్డ ఉలకలేదని నేను అప్పుడే చెప్పినా కదత్తా. గట్టి గుండె అని నా నోరు మూయించినావే?"

తప్పు నాదే. అందుకే ఒళ్ళు మండి, ఏ పాపం ఎరుగని కండక్టరు మీద అరిచాను.

ఇల్లు చేరి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోకేశ్వరి కావాలనే ఇత్తడి పళ్ళెం కింద పడేసింది. మహతి కళ్ళు తెరుచుకునే ఉంది, కానీ చలించలేదు. లోకేశ్వరి రెండో పళ్ళెం తీసింది.

"చాలమ్మా, నేను చూడలేను" అన్నాను.

అప్పుడే కరెంటు పోయింది. పన్నెండు మగ్గాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

నా ఒళ్ళో బిడ్డ ఎగిరిపడింది. రెండు చేతులూ చాచి, వేళ్ళన్నీ విప్పి, కేరుమని ఏడ్చింది. పుట్టినప్పటినుంచీ విన్న మోత ఆగిపోవడమే దానికి అన్నిటికన్నా పెద్ద చప్పుడు.

"మహతీ" అంది లోకేశ్వరి, మెల్లగా. మా ఇంట్లో అంత మెల్లగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడి ఎరగరు. బిడ్డ ఏడుపు ఆపి వినింది.

షెడ్డులో ఉన్న నా కొడుకు వైపు తిరిగి కేకేశాను. "దీపన్! కరెంటు వచ్చినా మగ్గాలు వెయ్యొద్దురా!"

తర్వాత సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడుస్తూ వీధిలోకి పరిగెత్తాను.

"ఇంద్రాణీ! మా బిడ్డ ఉలిక్కిపడిందే! ఆ తాయెత్తు యాడ కట్టించినావే?"