దురద గోలీ

"పెంటెత్తుకుంట గూడ నిద్రేనా పిల్లా?"

నేను దొడ్డి ఊడుస్తూ గోడకు ఒరిగిన ప్రతిసారీ మా అత్త రామమ్మ ఈ మాటే అనేది. ఆ మత్తు దురద గోలీది. ఆమెకు నా ఒళ్లు బద్ధకమే కనిపించేది. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లో నాకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. కత్తిరించేది మగవాళ్లు, దులిపి, ఏరి, మూటలు కట్టేది మేము. మా ఆయన గిరి మర్రిగూడ మెడికల్ షాపు నుంచి దురద గోలీలు తెచ్చేవాడు. "ఏస్కో త్రివేణీ, రాత్రంత గోక్కుంట నన్ను పండనిస్తలేవు" అనేవాడు. వేసుకునేదాన్ని. తర్వాత గుండె దడదడలాడేది, ఒక్కోసారి ఆగినట్టే ఆగి మళ్లీ కొట్టుకునేది. పనెక్కువై అట్లా అవుతుందనుకున్నాను.

నిన్న దొడ్డిలోనే పడిపోయాను. నల్లగొండలో నా గుండెకు ఇదివరకు పరీక్షలు చేసిన డాక్టరు ఆ గోలీల అట్ట చూసి కోప్పడ్డాడు.

"గుండె లయ తప్పే జబ్బమ్మా నీది. ఇట్లాంటి మత్తొచ్చే దురద గోలీలు నీకు ప్రాణం మీదికి తెస్తాయని పోయినేడే చెప్పాను కదా!"

"నాకెప్పుడు చెప్పిండ్రు సార్?"

డాక్టరు గిరి వైపు చూశాడు. గిరి తల దించుకున్నాడు. "యాది మర్చిన సార్, పనుల్ల పడి."

అవును, పోయినేడు పరీక్షలయ్యాక గిరి నన్ను బయటికి పంపించాడు. "ఇంటే భయపడ్తవు, నేను మాట్లాడొస్త" అన్నాడు. నా మీద ఎంత ప్రేమో అని వరండాలో కూర్చుని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తోంది. మందలో ఏ గొర్రె సూడిదో, దానికి ఏ నట్టల మందు తాపొద్దో ఈ మనిషిని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అత్త మోకాళ్ల గోలీ, ఆయన గ్యాసు గోలీ ఏ పూటవో నాకు గుర్తు. నా గురించి చెప్పిన ఒక్క మాట ఆయనకు బరువైంది. ఏం చెప్పారని నేనూ అడగలేదు. ఆయన తెచ్చిన గోలీని నా చేతులతోనే నోట్లో వేసుకున్నాను.

డాక్టరు కొత్త మందులు రాసి, అలవాటుగా మళ్లీ గిరి వైపే తిరిగాడు.

"ఈసారి మర్వను సార్, చెప్పుండ్రి" అంటూ గిరి ముందుకు వంగాడు.

నేను కుర్చీ డాక్టరు బల్ల దగ్గరికి జరుపుకున్నాను.

"నాకు చెప్పుండ్రి సార్. ఆయన మరిస్తే పోయేది నా పాణం."