ఆలోచించకుండా వేయాల్సిన పేపర్లు

గెయిల్ వేసుకునే బూట్లలో ఆమెకంటే ముందే అక్క డోరీన్ నడిచేసింది. అక్క బొటనవేలు నొక్కిన చోట లోపల చిన్న గుంట పడింది. గెయిల్ వేలు అక్కడిదాకా చేరదు. ఆ ఖాళీలో పాత పేపరు ఉండచుట్టి కూరుకునేది. నడుస్తుంటే తనది కాని నడక ఏదో కాళ్ళను పట్టుకుని వస్తున్నట్టుండేది. పద్నాలుగేళ్ళ ఆ పిల్లకు కావలసిందల్లా ఇంకెవరి వేళ్ళూ ముందుగా దూరని ఒక జత బూట్లు.

అమ్మను అడిగితే, "ఉన్నవి చిరిగాయా?" అనేది. చిరగలేదు. గెయిల్ బాధ కూడా అదే.

అందుకే, పేపర్లు వేసే క్లైవ్ సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని తెలిసినప్పుడు ఆమెకు జాలికంటే ముందు సంతోషం వచ్చింది. ఆ వెనకే సిగ్గు వచ్చింది. సిగ్గుపడుతూనే ఓగ్డెన్ గారి పేపర్ల కొట్టుకు పరుగెత్తింది.

కొట్లో బ్యారీ అప్పటికే ఉన్నాడు. ఏటి పక్క వీధుల్లో పేపర్లు వేసేది వాడే. క్లైవ్ వేసే కొండవీధి కూడా తనకే వస్తుందని గంపెడాశతో ఉన్నాడు.

"ఆడపిల్లవి, ఆ సంచి మోస్తావా?" అన్నాడు. "నువ్వు సంచిలో కూర్చో, నేను మోసుకుపోతా."

"నీ చెవులు చాలా పెద్దవి బ్యారీ. వాటికి తగిలించు సంచి."

ఓగ్డెన్ గారు పైపు నోట్లోంచి తీయకుండానే ఇద్దరినీ చూశాడు. "వారం రోజులు చేసి చూడమ్మాయ్. శనివారం అందరూ డబ్బు కట్టడానికి వస్తారు కదా, ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోతే ఆ వీధి నీది. ఒక్కరు చేసినా బ్యారీది."

"ఏ ఇంటికి ఏ పేపరో ఎలా తెలుస్తుందండీ?"

"నీకు తెలియక్కర్లేదు. ఇళ్ళ వరసలోనే నేను సర్ది పెడతా. పైది తీసి తలుపుకున్న ఉత్తరాల కంతలో తొయ్యి. తర్వాతి ఇంటికి తర్వాతిది. మధ్యలో ఆలోచించకు. ఆలోచించినవాళ్ళంతా తప్పులు చేశారు."

ఆలోచించకుండా ఉండడం గెయిల్‌కు ఊపిరి బిగబట్టుకోవడం లాంటిది. మొదటి రోజు మాత్రం భయం సాయం చేసింది. చీకట్లో కొండవీధి ఎక్కుతూ, వేళ్ళమీద టప్పున పడే కంత మూతల్ని తిట్టుకుంటూ, పేరు కూడా చూడకుండా పేపర్లు వేసి వచ్చింది.

రెండో రోజు రాళ్ళబాట మంచుతో గడ్డకట్టింది. డోరీన్ అరగదీసిన అడుగులతో ఆ బూట్లు గాజుమీద వెన్నలా జారాయి. వీధి మొదట్లోనే గెయిల్ కూలబడింది. సంచి ముందుకు దూకి, పేపర్లన్నీ మెట్లమీద పేకముక్కల్లా పరుచుకున్నాయి.

ఏరి గుండెకు హత్తుకుంది. వరస పోయింది. వెనక్కి వెళ్ళి అడగొచ్చు. అడిగితే ఓగ్డెన్ గారు పైపు తీసి ఏమంటాడో ఆమెకు వినబడుతూనే ఉంది. పైగా మిల్లు బస్సు ఎక్కేవాళ్ళు అప్పటికే దీపాలు వేసుకుంటున్నారు. ఇక మిగిలింది ఆయన వద్దన్న పనే.

ఆలోచించింది. ఒక్కో గుమ్మం ముందు ఆగి, లోపలి మనిషిని ఊహించుకుంది. గుమ్మంలో మట్టి అంటిన ఫుట్‌బాల్ బూట్లున్నాయి, అయితే ఆటల బొమ్మలున్న పేపరు. కిటికీలో యూనియన్ కాగితం అతికించి ఉంది, అయితే కార్మికుల పేపరు. పోనుపోను గుమ్మాల ముందు ఆగే సేపు తగ్గింది. చివరికి దీనిలో ఏదో సరదా కూడా ఉందనిపించి, ఆ సరదాకే కొంచెం భయమేసింది. మూసిన తలుపుల గుండా మనుషుల లోపలికి చూడడం తప్పేమో.

వీధి చివర రెండిళ్ళు, రెండు పేపర్లు మిగిలాయి. ఒకటి బల్లంతా కప్పేసే పెద్ద పేపరు, పెద్దమనుషులు చదివేది. రెండోది గుర్రప్పందేల పేపరు. ఇక్కడ ఊహించడానికేముంది? హేగ్ గారి తలుపుకు ఇత్తడి కడ్డీ అద్దంలా మెరుస్తోంది. ఆయన చాపెల్ అనే చిన్న చర్చిలో పిల్లలకు ఆదివారం పాఠాలు చెబుతాడు. జూదం పాపమని గెయిల్‌కు నేర్పింది ఆయనే. పెద్ద పేపరు అక్కడ వేసింది. పక్కిల్లు ఎడ్నా ఆంటీది. పెరట్లో పావురాలు, గుమ్మంలో ఖాళీ బీరు సీసాలు, నవ్వితే వీధంతా వినిపించే గొంతు. గుర్రాలు అక్కడ వేసింది.

ఖాళీ సంచితో కొండ దిగుతుంటే తను చాలా తెలివైనదనిపించింది.

మూడో రోజు వరస సరిగ్గానే ఉంది. హేగ్ గారి గుమ్మం దగ్గర సంచిలో చెయ్యి పెట్టి పైది తీసింది. గుర్రప్పందేల పేపరు వచ్చింది. దాని కింద, ఎడ్నా ఆంటీ కోసం, పెద్ద పేపరు.

గెయిల్ అక్కడే నిలబడిపోయింది. ముందు తన తప్పు గుర్తొచ్చింది. తర్వాత ఆ ఇత్తడి కడ్డీని చూస్తుంటే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక కొత్త బరువొకటి మిగిలింది. ఒక మనిషి దాచుకున్నది తన చేతిలో ఉంది. పేరు లోపలికి పోయేలా మడిచి కంతలోకి తోసింది.

శనివారం వరకు గెయిల్‌కు తిండి సయించలేదు. ఇంట్లో వేయించిన గుడ్డు ముందు కూర్చుని కదలకపోతే డోరీన్, "ఏమే, ప్రేమలో పడ్డావా?" అంది.

"పడ్డాను. రాళ్ళమీద. నీ బూట్లే పడేశాయి."

శనివారం ఉదయం కొట్టు నిండిపోయింది. హేగ్ గారు టోపీ చేతిలో పట్టుకుని పాస్టరు గారి భార్య వెనక నిలబడ్డాడు. బ్యారీ అగ్గిపెట్టెలు సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించాడు. అంత పెద్ద చెవులు రిక్కిస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఎడ్నా ఆంటీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఓగ్డెన్, నా పేపర్లో గళ్ళల్లో మాటలు నింపే పజిల్ కోసం కాకపోతే ఆ దుప్పటంత కాగితం నాకెందుకు? మంగళవారం నా పజిల్లో ముందే కొన్ని గళ్ళు నింపేసి ఉన్నాయి. సిరాతో."

"కొత్త పేపర్లో సిరా ఎక్కణ్ణుంచొచ్చింది?"

"అదే నేనూ అడుగుతున్నా," అని ఆమె కొట్టు పైకప్పు చూసి ముసిముసిగా నవ్వింది.

హేగ్ గారు దగ్గాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది.

ఓగ్డెన్ గారు గెయిల్ వైపు తిరిగాడు. "ఆ పేపరు ముందు ఎవరింటికెళ్ళింది?"

ఎడ్నా ఆంటీ నవ్వు ఆగింది. ఇది పిల్ల ఉద్యోగం మీదికి వచ్చిందని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. గెయిల్ బూట్లలోని పేపరు ఉండను కాలివేళ్ళతో నొక్కింది. నిజం చెబితే తప్పులో సగం ఇంకొకరి మీదికి జారుతుంది. అందరూ హేగ్ గారినే చూస్తారు, తనను మరిచిపోతారు. ఎంత తేలిక.

"జారిపడ్డానండీ," అంది. "వరస పోయింది. ఊహించి వేశాను. ఏది ఎక్కడ వేశానో చెప్పలేను."

"గుర్తు లేదా?"

"చెప్పలేనండీ."

బ్యారీ అగ్గిపెట్టెలు సర్దడం మానేశాడు. 

"ఆ సిరా నాది," అన్నాడు హేగ్ గారు, టోపీతో మాట్లాడుతున్నట్టు. "పేపరు నా ఇంటికొచ్చింది. నాది కాదని తెలిసినా చేతులు ఊరుకోలేదు. నాది... నాది వేరే పేపరు."

ఆ వేరే పేపరేదో అడగాలని అందరి ముఖాల్లోనూ ఉంది. పాస్టరు గారి భార్య మాత్రం పిప్పరమెంటు సీసానే పరీక్షగా చూస్తోంది. "నాకు ఈ పక్క చెవి సరిగ్గా వినిపించదు ఓగ్డెన్ గారూ," అంది. "శనివారాలు మరీను. ఆ తెల్లవి ఇవ్వండి."

"ఇంతకీ ఫిర్యాదా, కాదా?" అన్నాడు ఓగ్డెన్ గారు.

"ఫిర్యాదే," అంది ఎడ్నా ఆంటీ. "ఆయన తెలివి మీద. రాసిన మూడు మాటలూ తప్పులే. నేను ఆయన పేపరు జాగ్రత్తగా ఏప్రన్ కింద దాచి తీసుకెళ్ళి ఇస్తే, నాకు దక్కింది అది. పిల్ల మీద నాకేం లేదు."

ఓగ్డెన్ గారు పైపు తీశాడు. గెయిల్ ఊపిరి బిగబట్టింది.

"వీధంతా ఊహించే వేశావా?"

"అవునండీ."

"ఈ రెండే తప్పాయా?" ఆయన పైపుతో సంచి వైపు చూపించాడు. "సరే. ఇకనుంచి కొంచెం ఆలోచించు. కొంచెమే."

బ్యారీ సంచి తెచ్చి ఆమె మెడలో వేశాడు. "తీసుకో. నెల తిరిగేసరికి గూనిదానివి అవుతావు."

"అప్పుడు నీ మొహం చూడక్కర్లేదు. నేలే చూస్తా."

మొదటి జీతం బూట్లకు చాలలేదు. బూట్ల కొట్టావిడ ఆ డబ్బు బయానాగా పుచ్చుకుని, గోధుమరంగు జతను పైఅరలో పెట్టి, డబ్బామీద సుద్దతో గెయిల్ అని రాసింది. డోరీన్ చెల్లెలు అని రాయలేదు. గెయిల్ బయటికొచ్చి, కిటికీలోంచి మళ్ళీ ఒకసారి చూసుకుంది.

సోమవారం మళ్ళీ మంచు గడ్డకట్టింది. అక్క బూట్లతోనే, కోడిపిల్లలా అడుగులేస్తూ కొండవీధి ఎక్కింది. చివరి రెండిళ్ళ ముందు మాత్రం కాలు జారలేదు. ఎవరో పొయ్యి బూడిద చల్లారు. హేగ్ గారి మెట్ల దగ్గర మొదలైన ఆ బూడిద బాట తిన్నగా ఎడ్నా ఆంటీ గుమ్మందాకా పోయింది. దానిమీద అప్పటికే పెద్ద చెప్పుల గుర్తులు పడి ఉన్నాయి, పోయినవీ వచ్చినవీ.

గెయిల్ గుర్రప్పందేల పేపరును పేరు కనబడకుండా మడిచి కంతలో పెట్టింది. లోపలినుంచి ఎవరో దాన్ని మెల్లగా లాక్కున్నారు.

"ఆలోచిస్తున్నావా అమ్మాయ్?" అంది తలుపు వెనక హేగ్ గారి గొంతు.

"లేదండీ," అంది గెయిల్, బూడిదమీది అడుగులనే చూస్తూ.