రెండు శనివారాలు

అత్తగారు పోయి ఇరవై రెండేళ్ళయినా ఆ ఇంట్లో వాళ్ళిద్దరినీ ఇంకా పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేవారు. పెద్దకోడలికి అరవై ఏడు, చిన్నకోడలికి అరవై రెండు. ఇద్దరికీ జుట్టు నెరిసింది, ఇద్దరికీ షుగరొచ్చింది, పిలుపు ఒక్కటే ముసలిది కాలేదు. భర్త పోయిన దగ్గర్నుంచి పెద్దకోడలు కింది వాటాలో ఒక్కతే ఉండేది. చిన్నకోడలూ ఆమె మొగుడూ మేడమీద. నీళ్ళ మోటారు వెయ్యమనో, తలుపు తాళం గురించో రెండు ముక్కలు తప్ప తోడికోడళ్ళ మధ్య మాటలుండేవి కావు.

తిట్టుకున్నదీ లేదు, జుట్టు పట్టుకున్నదీ లేదు. అత్తగారు మంచాన పడ్డప్పుడు పెద్దకోడలు ఒక మాట తూలింది. చిన్నకోడలు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాల కాలర్లు కుట్టేది. పొద్దున వెళితే పొద్దు వాలేదాకా ఆ మిషను ముందే. "కాలర్లు కుట్టడానికి దొరికే టైము అత్తగారి పక్క మార్చడానికి దొరకదా?" అని చుట్టాలందరి ముందూ అనేసింది. అన్నంతసేపు పట్టలేదు, మాటలు ఆగిపోవడానికి. నిజానికి పెద్దకోడలు తానూ ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. కుర్చీలో కూర్చునే బతికింది.

వాళ్ళిద్దరినీ మళ్ళీ కలిపింది షుగరే. ఆస్పత్రిలో అరవై దాటిన షుగరు ఆడవాళ్ళకోసం పన్నెండు వారాల వ్యాయామం క్లాసు పెట్టారు. మంగళవారం, గురువారం, శనివారం పొద్దున్నే. డాక్టరు ఎవరికి వారికే చెప్పాడు. మొదటిరోజు గదిలోకి అడుగుపెట్టాక గాని ఇద్దరికీ తెలియలేదు, రెండోవాళ్ళూ చేరారని. పదకొండుమంది ఆడవాళ్ళు, పదకొండు కుర్చీలు. మిగిలిన ఒకే ఒక్క కుర్చీ చిన్నకోడలి పక్కది. పెద్దకోడలు వెళ్ళి అందులో కూర్చుంది.

క్లాసు చెప్పే అమ్మాయికి ముప్పై ఏళ్ళుండవు. గొంతు మాత్రం హెడ్‌మాస్టరుది. "చేతులు గుండెల మీద పెట్టుకోండి. ఊతం లేకుండా కుర్చీలోంచి లేవాలి, మళ్ళీ కూర్చోవాలి. అర నిమిషంలో ఎన్నిసార్లు లేస్తారో రాసుకుంటాను" అంది. పెద్దకోడలు అయిదుసార్లు లేచింది. చిన్నకోడలు ఆరు.

"ముప్పై ఏళ్ళు కూర్చోబెట్టి జీతమిచ్చారు. ఇప్పుడు లెమ్మని పరీక్ష పెడుతున్నారు" అంది చిన్నకోడలు, ఎవరితోనూ కాదన్నట్టు.

పెద్దకోడలికి నవ్వాగలేదు. ఆ నవ్వు చూసి చిన్నకోడలు మొహం తిప్పుకుంది గాని, పెదవి ఒక పక్కకి వంగడం పెద్దకోడలు చూసింది.

ఆ వారం ఎవరి దారిన వాళ్ళు వచ్చారు. రెండోవారం పెద్దకోడలు వీధి గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ కావాలనే ఆలస్యం చేసింది. మూడోవారం చిన్నకోడలు మెట్ల మీంచి "అక్కా, బయల్దేరావా?" అని కేకేసింది. ఆస్పత్రికి ఇరవై నిమిషాల నడక. మొదట షుగరు లెక్కలు, తర్వాత మాత్రల రంగులు, ఆ తర్వాత మోకాళ్ళు, పళ్ళు, నిద్ర. అలా అలా ఇరవై రెండేళ్ళ మాటలూ ఆ రోడ్డు మీదే బయటికొచ్చాయి. ఆ పాత మాట జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పెద్దకోడలు రెండుమూడుసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేసింది.

రబ్బరు పట్టీలు లాగడం, గోడకి చేతులానించి ఒంగడం, చెక్క మెట్టు ఎక్కి దిగడం. తొమ్మిదో వారానికి పెద్దకోడలు నేల మీంచి చెయ్యానించకుండా లేచింది. చిన్నకోడలైతే వేరే మనిషే అయిపోయింది. నడుం నిటారుగా అయింది, పొద్దుటి షుగరు దిగింది, కుర్చీలోంచి పదమూడుసార్లు లేస్తోంది. "ఇలాగే ఉంటే ఇన్సులిన్ దాకా పోకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఆ మాట ఆమె దారిలో నాలుగుసార్లు చెప్పింది. వాళ్ళమ్మకి తనే ఇన్సులిన్ సూదులు గుచ్చిందీ, చివరికి వాళ్ళమ్మ చూపు పోయిందీ కూడా ఆ రోజే చెప్పింది.

పదో వారం గురువారం నాడు క్లాసు అయ్యాక బూటు తీసి చూస్తే చిన్నకోడలి మేజోడు తడిగా ఉంది. బొటనవేలి కింద అరికాలిలో పొక్కు లేచి చితికింది. పావలా కాసంత పుండు.

"నెప్పి లేదా?" అంది పెద్దకోడలు.

"అసలు తెలియనే లేదు. ఆ కాలు ఎప్పట్నుంచో మొద్దుబారి ఉంది."

"పద, ఆ అమ్మాయికి చూపిద్దాం."

చిన్నకోడలు గబుక్కున మేజోడు పైకి లాగేసింది. "వద్దక్కా. పుండుంటే క్లాసుకి రానివ్వదు. చివరి పరీక్ష ఇంకో రెండు వారాలే. మధ్యలో ఆపితే నా లెక్క కొట్టేస్తారు. నేనే కడిగి కట్టు కట్టుకుంటాలే."

"పెద్దదైతే?"

"కాదు. నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకు. మీ మరిదికి కూడా." బూటు తొడుక్కుంటూ, "నా కడుపులో మాట నీతోనేగా చెప్పుకుంటున్నాను" అంది.

ఆ చివరి మాటే పెద్దకోడలి నోరు కట్టేసింది. చెబితే కోపమొస్తుంది, కోపమొస్తే మళ్ళీ మెట్లకి అటొకరు ఇటొకరు. ఈ వయసులో మరో ఇరవై రెండేళ్ళు ఎక్కడ దొరుకుతాయి? సరే అంది.

శనివారాల్లో ఆ అమ్మాయి అందరి బూట్లూ విప్పించి పాదాలు చూసేది. ఆ శనివారం చిన్నకోడలు రాలేదు. "మేడమీదావిడ ఏరమ్మా?" అని అడిగింది ఆ అమ్మాయి. పెద్దకోడలు అప్పటిదాకా ఏం చెప్పాలో అనుకోలేదు. "పన్ను నొప్పి" అంది. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

మంగళవారం చిన్నకోడలు వచ్చింది, మెట్టు ఎక్కింది, దిగింది. గురువారమూ అంతే. "మానుతోంది" అంది దారిలో. పెద్దకోడలు చూపించమనలేదు. చూస్తే చెప్పాల్సి వస్తుందని భయం. రెండో శనివారం కూడా ఆ అమ్మాయి అడిగింది. "ఆ పన్నేనమ్మా, ఇంకా తగ్గలేదు" అంది పెద్దకోడలు. "పీకించెయ్యమనండి" అంది ఆ అమ్మాయి, తన కాగితంలో ఏదో రాసుకుంటూ.

పన్నెండో వారం మంగళవారం చివరి పరీక్ష. పెద్దకోడలు పదకొండుసార్లు లేచింది. చిన్నకోడలు పదిహేను. పదకొండుమందిలోనూ ఆమెదే ఎక్కువ. అందరూ చప్పట్లు కొట్టారు. పరీక్షకి రక్తం ఇచ్చి బయటికొచ్చాక ఆమె మొహంలో వెలుగు చూసి, చెప్పకపోవడమే మంచిదైందని పెద్దకోడలు మనసు కుదుటపడింది. సందు మలుపులో చిన్నకోడలు ఆగింది. "కొంచెం చలిగా ఉందేమిటక్కా?" అంది. ఎండ మాడిపోతోంది.

గురువారం పొద్దున మరిది కిందికొచ్చి తలుపు కొట్టాడు. "వదినా, ఒకసారి పైకి రండి. జ్వరం పేలిపోతోంది. ఏదేదో మాట్లాడుతోంది."

గదిలోకి వెళ్ళగానే వాసన తగిలింది. పెద్దకోడలు దుప్పటి ఎత్తింది. కట్టు కింద పాదం నల్లబడి, చీలమండ దాకా వాచి ఉంది. మరిది వంగి చూశాడు. "ఇదెప్పుడు?" అన్నాడు. పెద్దకోడలు దుప్పటి మళ్ళీ కప్పి, ఆటో పిలవమంది.

ఆస్పత్రిలో రెండు రోజులు మందులతో చూశారు. మూడో రోజు మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆ సాయంత్రమే రక్తపరీక్షల కాగితాలు వచ్చాయి. చిన్నకోడలి మూడు నెలల సగటు షుగరు తొమ్మిదిన్నర నుంచి ఏడుకి దిగింది. కాగితం తెచ్చిన క్లాసు అమ్మాయి వార్డు బయట బెంచీ మీద కూలబడింది.

"ప్రతివారం చూశానమ్మా పాదాలు. ఆ రెండు శనివారాలేగా లేరు. పన్ను నొప్పన్నారని ఊరుకున్నాను" అంది.

"పన్ను నొప్పి కాదు" అంది పెద్దకోడలు. "నాకు తెలుసు. పుండు చూశాను. అబద్ధం చెప్పాను."

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. తిట్టలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. పక్కనే నిలబడ్డ మరిది అంతా విన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన ఆవిడని వదినా అని పిలవలేదు. పిలవాల్సి వస్తే దగ్గి మాట్లాడేవాడు.

చిన్నకోడల్ని ఇంటికి తెచ్చాక పెద్దకోడలు రోజుకి రెండుసార్లు మేడెక్కేది. ఆయాసం వచ్చేది కాదు. అది ఆవిడకి సిగ్గుగా ఉండేది. చిన్నకోడలు కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ఉండేది. చేతులకి వ్యాయామం చెయ్యమని క్లాసు అమ్మాయి పంపిన రబ్బరు పట్టీలు ముట్టుకోలేదు. షుగరు మళ్ళీ ఎక్కింది, సూదులు మొదలయ్యాయి. వేసేది పెద్దకోడలే.

ఒక మధ్యాహ్నం సూది వేసి దూది అద్దుతూ ఉండబట్టలేక అడిగింది. "నన్నెందుకు ఒక్క మాటా అనవు?"

చిన్నకోడలు కిటికీ రెక్క కొంచెం ముందుకి లాగింది. "నువ్వు గనక చెప్పి ఉంటే, చచ్చేదాకా నీతో మాట్లాడేదాన్ని కాదు" అంది.

"తెలుసు."

"అయినా చెప్పాల్సిందక్కా."

"చెప్పాల్సింది."

"అత్తగారప్పుడు నువ్వన్న మాటకి కోపం లేదు. అది ఎప్పుడో పోయింది. ఇది పోయేలా లేదు." ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. మోటారు ఆపమన్నంత మామూలుగా అంది. పెద్దకోడలు దూది తీసి, జాకెట్టు చెయ్యి కిందికి దించి, మర్నాడు ఎన్ని గంటలకి రావాలో అడిగింది. ఎప్పటి టైముకే రమ్మంది చిన్నకోడలు.

ఆ తర్వాత ఆమె పంతొమ్మిది నెలలు బతికింది. ఒక పొద్దుట కుర్చీలోనే గుండె ఆగింది.

పెద్దకోడలు క్లాసు మానలేదు, కొత్త జట్టు మొదలైనప్పుడల్లా మళ్ళీ చేరేది. మానితే మంచాన పడతానని భయం. మానకపోతే, పదకొండు కుర్చీల గదిలో పక్క కుర్చీలో ఎవరో కొత్తావిడ కూర్చుని ఉంటుంది. పెద్దకోడలి షుగరు ఇప్పటికీ అదుపులోనే ఉంది. డెబ్భై దాటినా నడక చూడండి అని డాక్టరు కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడనే చూపిస్తాడు. వాళ్ళు దగ్గరికొచ్చి ఎలా సాధించారని అడిగితే, ముందు మీ పాదాలు ఎవరికైనా చూపించండి అని మాత్రం అని, సంచీ తీసుకుని లేచిపోతుంది.