ఆరు గేదెల కాగితం

జగ్గారావు కాగితం నేనే రాశాను. సంతకం పశువుల డాక్టరుది. కాని మా ఊళ్ళో అర్జీ అయినా, సర్టిఫికెట్టు అయినా నా చేత రాయించి, తరవాత సంతకానికి పట్టుకెళ్ళడం అలవాటు. "ఆరు గేదెలు. ఆరోగ్యంగా ఉన్నవి. ప్రయాణానికి తగినవి." ఆ గేదెల్ని నేను చూడలేదు. డాక్టరూ చూడలేదని తరవాత తెలిసింది. నా భార్య మీనాక్షమ్మ పోయి అప్పటికి ఇరవై రోజులు. ఎవరేది రాయమంటే అది రాసి పంపేస్తున్నాను.

ఆ కాగితం రాసిన మర్నాడు నరసాపురం వెళ్ళాలని సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి పది దాటింది. పాటు వేళ. నీరు తీసేసి, బళ్ళనీ జనాన్నీ ఏరు దాటించే పంటు బురదలో కూర్చుంది. పోటు వస్తేగాని కదలదు. దాని ముందు, ఎండలో, ఒక లారీ. పక్కన పశువుల బ్రోకరు జగ్గారావు సోడా తాగుతున్నాడు.

లారీలో గేదెలు పదమూడు. రెండుసార్లు లెక్కపెట్టాను. తల దించడానికి లేకుండా తాళ్ళు కమ్మీలకి పొట్టిగా కట్టారు. ఒకటి కింద పడి ఉంది. మిగతావి దాని మీదే నిలబడ్డాయి. వాటికి వేరే చోటు లేదు.

"ఎక్కడికివి?"

"మద్రాసండి. అక్కణ్ణించి ఓడ మీద గల్ఫుకండి. మనకన్నా ముందే ఫారిన్ చూసేత్తన్నాయండి మేష్టారూ!"

"నీళ్ళెప్పుడు పెట్టారు?"

"నిన్న పొద్దున్నండి. అవతల దిగేక పెడతారులెండి."

మీనాక్షమ్మ చివరిరోజున నీళ్ళడిగింది. ఇవ్వవద్దన్నారు. నేనివ్వలేదు. ఇంతకంటె ఆ సంగతి రాయను.

"ఆ కాగితం ఇలా ఇయ్యి."

జగ్గారావు సంతోషంగా కాగితంతోపాటు పెన్ను కూడా ఇచ్చాడు. "ఆయ్, ఆ ఆరుని పదమూడు చేసెయ్యండి. మీ రాతే కాబట్టి తేడా తెలీదండి."

పెన్ను తిరిగిచ్చేశాను. కాగితం జేబులో పెట్టుకుని, లారీ పంటు ఎక్కే పలకల మీద నిలబడ్డాను.

"ఆరని రాశాను. ఆరే దాటతాయి. ముందు అన్నీ దిగాలి. నీళ్ళు తాగాలి."

"అదేటండీ! బ్రాహ్మలు, ఈ లారీ దగ్గర మీకేం పనండి? మైల పడిపోతారు."

"నిన్న ఈ కాగితం రాసినప్పుడే పడ్డాను. దింపు."

జగ్గారావు పంటు నడిపే సరంగు వైపు తిరిగేడు. "ఏరా సత్యానందం, చూత్తావేంటి? పక్కకి లాగు!"

సత్యానందం నా దగ్గర అయిదో తరగతి చదివినవాడు. బీడీ ఆర్పేడు. "మేష్టారు నాకు పదమూడో ఎక్కం నేర్పలేదండి. ఆరైతే ఎక్కించుకుంటాను."

రేవులో జనం నవ్వేరు. కాగితం లేకపోతే అవతల చెక్‌పోస్టు దాటనివ్వరని జగ్గారావుకి తెలుసు. లారీని గట్టువారగా పెట్టించి, తిట్టుకుంటూనే తలుపు దింపేడు.

ఏటి నీళ్ళు ఉప్పు. సోడాకొట్టు సూరమ్మ తన నూతి నించి బిందెలతో తోడిపోసింది. పన్నెండూ తాగాయి. పడిపోయినదాన్ని గోనె మీద దింపించి దోసిలితో అందించాను. రెండు గుక్కలు తాగింది. పోటు రాకముందే పోయింది.

మధ్యాహ్నం నిలబడగలిగిన ఆరింటిని నేనే చూసి ఎక్కించాను. కాగితం అప్పుడిచ్చాను. వాటిని ఓడ ఎక్కకుండా ఆపే శక్తి నాకు లేదు.

"మిగతా ఆరింటికీ రేపు ఇంకోళ్ళ చేత రాయించుకుంటానండి," అన్నాడు జగ్గారావు.

"రాయించుకో. లెక్కపెట్టేది నేనే."

మర్నాడు బడికి సెలవుచీటీ పంపించాను. కారణం దగ్గర, "రేవులో పని ఉన్నది" అని రాశాను.