వేరే కంచం

సీతాలమ్మ గంప కాస్త ఎత్తి చూసింది. పెట్ట ఈకలు రిక్కించి గుర్రుమంది. "ఓసి నీ కడుపు సల్లగుండ, నేనేనే!" అని గంప మూసి, తలకు గుడ్డ చుట్టుకుని చెరుకు తోటకు బయల్దేరింది.

ఆ పెట్టకు తండ్రి గొలుగొండ కొండమీది అడివిపుంజు. తల్లేమో సీతాలమ్మ మరిది నూకరాజు పెంచే ఇంటికోడి. "రెండు జాతులు కలిసిన పెట్ట వదినా. దాని గుడ్లు మురిగిపోతాయి. కూరొండేద్దాం" అని వాడు రోజూ ఒకటే గోల. పొదిగే గడువూ దాటింది. ఇవాళ చుట్టాలొస్తున్నారు, సాయంత్రం పట్టుకుపోతానన్నాడు. తల్లికోడి తనది కనక పెట్టా తనదేనట!

సీతాలమ్మకు ఈ మాటలు కొత్తా? తనూ ఆ కొండ దిగి, మొగుడు పొట్టిబాబు చెయ్యి పట్టుకుని ఈ ఊరొచ్చినదే. కొండవాళ్ళకీ మనకీ కలవదని అత్త ఆమెకు చూరు కింద వేరే సత్తుకంచం పెట్టింది. కూతురు దివ్య పుట్టినప్పుడు ముసల్ది పసిదాన్ని తిప్పితిప్పి చూస్తుంటే, సీతాలమ్మ బాలింత మంచం మీంచే అడిగింది: "ఏటత్తా, తోకేమైనా ఉందా?"

అత్త పోయింది. తర్వాత పొట్టిబాబూ పోయాడు. కూతురు స్టీలు కంచం కొంటానంటే సీతాలమ్మ వద్దంది. ఆ సత్తుకంచంలోనే, నట్టింట్లో కూర్చుని తింటోంది.

మధ్యాహ్నందాకా చెరుకు పడిపోకుండా ఆకులు చుట్టి జడలు కట్టింది. ఎడమ చెయ్యి లాగుతున్నా ఎవరితోనూ అనలేదు. అంటే మేస్త్రి ఇంటికి పొమ్మంటాడు.

ఇంటికొచ్చేసరికి దివ్య కాలేజీ పుస్తకం ముందేసుకుని ఉంది. "అమ్మా, రెండు రకాలు కలిస్తే పుట్టిన పిల్లకి మళ్ళీ పిల్లలు పుడితే ఆ రెండూ ఒకే జాతంట. విడివిడిగా ఉండిపోయి, వేల ఏళ్ళు కలవకపోతేనే వేరే జాతులైపోతాయంట."

"అయితే మీ నానమ్మ సేసింది అదే కదే! కంచం వేరు పెట్టి కొత్త జాతిని పుట్టించాలని సూసింది."

నూకరాజు గోనెసంచితో వచ్చాడు. సీతాలమ్మ గంపకు అడ్డంగా కూలబడింది. "ముందు నన్ను కొయ్యి."

"మురిగిన గుడ్ల కోసం ఏటి వదినా ఈ పంతం?"

అప్పుడే గంపలోంచి కియ్‌మంది. మళ్ళీ కియ్‌మంది. ఎత్తి చూస్తే రెక్క కింద తడితడి తలలు!

"ఇప్పుడు సెప్పు నూకరాజూ, ఈ పిల్లలు ఏ జాతివో?" అని పగలబడి నవ్వింది. నూకరాజు సంచి మడతపెట్టాడు.

సీతాలమ్మ తన కంచంలో నూకలు పోసి గంప ముందు పెట్టింది. కాసేపు నడుం వాలుస్తానని అరుగు మీద పడుకుంది. దివ్య టీ తెచ్చి లేపితే లేవలేదు.

మర్నాడు వదినను కాటికి సాగనంపి వచ్చిన నూకరాజు, పెరట్లో గంప ఎత్తి, కంచంలో గుప్పెడు నూకలు పోశాడు. అంచు సొట్టపోయిన ఆ సత్తుకంచంలోకి ఎక్కి పిల్లలు నూకలు ఏరుకుంటున్నాయి.