నలభై ఒకటికి సున్నా

రబ్బరు వాసన.

పాలలో రబ్బరు వాసన, గడ్డిలో రబ్బరు వాసన... అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే అందులోనూ అదే.

థూ. బాలన్న ముద్దను కంచంలో పడేశాడు.

ఎడారి దేశంలో, తుబ్లీ ఊరి అవతల, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ పాల షెడ్డుకు హాలెండ్ నుంచి పాలు పిండే రోబో వచ్చి రెండు వారాలయింది. దానికి తల లేదు. ఉన్నది ఒక్కటే చెయ్యి. దాణా కోసం ఆవు బోనులోకి వస్తుంది — చెయ్యి కిందినుంచి పాకుతుంది — ఎర్రని వెలుగుతో చన్నులు వెతికి రబ్బరు గొట్టాలు తగిలిస్తుంది. పదకొండేళ్లు బాలన్న చేతులు చేసిన పని. ఇప్పుడు అతని పని పేడ ఎత్తడం, ఆ చేతిని కడగడం.

కడిగిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది.

చుక్కి అనే ఆవుకు ఒక చన్ను పక్కకు తిరిగి ఉంటుంది. మెడపట్టీ మీద నంబరు నలభై ఒకటి. చెయ్యి వెతికింది, వెతికింది... దొరకలేదు. చుక్కి తన్నింది. బోను తలుపు తెరుచుకుంది. పిండకుండానే బయటికి.

రెండో రోజుకు పొదుగు రాయిలా గట్టిపడింది. అది అరుస్తుంటే బాలన్న వినలేకపోయాడు.

మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు గొంతుక్కూర్చున్నాడు. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగాడు. వేళ్లకు ఇంత నూనె రాసుకున్నాడు.

చుక్కి చేపింది, చన్నుల్లోకి పాలు దిగాయి.

చేత్తో పిండిన పాలు ట్యాంకులో పొయ్యనివ్వరు. షెడ్డు మురుగు పోయే మోరీలో పోశాడు. పాలు మోరీలో... ఛీ, ఏం బతుకు ఇది. అయినా చుక్కి నెమరు వేస్తోంది. అంతే చాలనుకున్నాడు.

పన్నెండు రోజులు, దొంగతనంగా, అట్లాగే.

పదమూడో రోజు సూపర్‌వైజర్ శ్రీనివాసరాజు కంప్యూటరు కాగితం పట్టుకుని వచ్చాడు.

"నలభై ఒకటి వట్టిపోయిందయ్యా బాలన్నా. రెండు వారాలూ సున్నాయే. కఫీల్ ఖలాస్ అన్నాడు. కసాయి బండి వచ్చేసింది."

బాలన్న పేడ గంప కింద పెట్టాడు.

"ఒట్టిపోలే సారూ. నేనే పిండిన. దినాం పిండి మోరీల పోసిన. పాలు మంచిగనే ఇస్తుంది."

రాజు కాగితం మడిచాడు.

"మెషిన్లో లేదుగా. ఇప్పుడు చెప్తే నీ వీసా కూడా పోద్ది. ఊరుకో."

జాలిపడి పిండాడు. ఆ జాలే పొదుగును ఖాళీ చేసి, మెషిన్ సున్నాలను నిజం చేసింది.

బండి వెనక పలక వాల్చారు. కసాయి మనుషులిద్దరు తాడు లాగారు, తోక మెలిపెట్టారు. చుక్కి కదల్లేదు.

"నువ్వు పిలువయ్యా. నీ మాటైతే వింటది."

"నాతోని గాదు సారూ."

కర్ర లేచింది. మొదటి దెబ్బ వెన్ను మీద. రెండోది పొదుగు మీద.

పాలు కారాయి. తెల్లగా, ఇసుకలోకి. కర్ర పట్టినవాడు చూశాడు. రాజు చూశాడు.

కర్ర మళ్లీ లేచింది.

బాలన్న పలకెక్కి బండిలోకి నడిచాడు. పిలవలేదు. చుక్కి తనంతట తానే అతని వెనక ఎక్కి వచ్చింది... వచ్చి, అతని అరచెయ్యి నాకింది.

బాలన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.