ఎనిమిదో మగ్గం

పొద్దుగాల చాయ్ తాగి గడపల కూసుంటే చాలు, సాంబమూర్తి రొమ్ముల మగ్గం కొట్టుడు షురూ అయితది. కిషన్ రావు సేటు షెడ్డుల ఎనిమిదో మగ్గానికి కరెంటు వేస్తే ఇక్కడ టకటక. అక్కడ బంద్ చేస్తే ఇక్కడ బంద్. ఇరవై ఏండ్లకు పైగా ఒక్క మగ్గమే నడిపినోనికి అది ఒంట్లకు రాక యాడికి పోతది? దవాఖానల డాక్టరమ్మ సుత గొట్టం పెట్టి విని, "మగ్గం మోతల గుండె వినవడ్తలేదు, కరెంటు పోయినంక రా తాతా" అని తోలిచ్చింది.

చప్పుడుతోని బాధ లేదు. బాధంతా కండ్లతోని. మసకలు కమ్మినయి, పని మానిండు. ఇగ పీఎఫ్ పైసలు, దాని మీదొచ్చే పింఛనే దిక్కు. తీరా ఆఫీసుకు పోతే పేరే లేదన్నరు. వారం వారం కూలిల కోసుకున్నది సేటు ఒక్కనాడు కట్టలేదట.

"నీ పేరెట్లుంటది?" అని రాజవ్వ మొగని మీదికి లేచింది. "చెకింగోళ్లు వచ్చినప్పుడల్లా ఎనుక దర్వాజల నుంచి పోయి యాకమ్మ హోటల్ల దాక్కున్నదెవ్వరు?"

"సేటే పొమ్మన్నడు గదనే. ఆయన ఇజ్జత్ పోతే మనది పోయినట్టు గాదా?"

"మంచిగున్నది. ఆ ఇజ్జతే కూరొండుతా, తిను."

సాంబమూర్తి పీఎఫ్ ఆఫీసుల దరఖాస్తు పెట్టిండు. గుండెల మగ్గమే సాక్ష్యం చెప్తదని ధైర్యం. ఆ సంగతి సేటుకు తెల్వదా? విచారణకు వారం ముందే ఎనిమిదో మగ్గాన్ని ధర్మసాగర్ ఊరి ఆసామికి అమ్మి, ట్రాలీల ఎక్కిచ్చిండు. ఆనాటి సంది సాంబమూర్తి రొమ్ము చప్పుడు లేక చల్లవడ్డది. రాజవ్వ చెవి పెట్టి విని, కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సింది.

విచారణల ఆఫీసరు సుహాసిని ఇద్దరిని ఎదురెదురుగ కూసోవెట్టింది.

"ఈ పెద్దమనిషిని నేనెన్నడు సూడలేదు మేడమ్," అన్నడు కిషన్ రావు.

సాంబమూర్తికి పాణం చివుక్కుమన్నది. పైసలు ఎగ్గొట్టినా ఓర్సుకుంటుండె. బిడ్డ పెండ్లికి వచ్చి అక్షింతలేసినోడు సూడనే లేదంటాండు!

"మీ దగ్గర ఆధారమేమన్న ఉందా?" అని సుహాసిని అడిగింది.

సాంబమూర్తి రొమ్ము మీద చెయ్యి వెట్టుకున్నడు. ఏమీ లేదు. ఆమె ఇంకొంచెం సేపు చూసి, కాయితాలు సదరబోయింది.

అప్పుడే ధర్మసాగర్ల ఎవరో మగ్గం బిగిచ్చి, కరెంటు వేసిండ్రు. సాంబమూర్తి రొమ్ముల టకటక, టకటక. గది నిండ మోత. సాంబమూర్తి కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

సుహాసిని పెన్ను మళ్లా చేతిలకు తీసుకున్నది. "మీ షెడ్డు మగ్గమేనా?"

"ఓరుగల్లుల మగ్గాలకేం కొదువ మేడమ్? నాదే అనే గ్యారంటీ ఏంది?" అని సేటు నవ్విండు.

కొత్త చేతులు గదా, మగ్గం నడక జర తప్పింది. టకటకల నడుమ ఓ పొల్లు చప్పుడు. షెడ్డు పక్క అర్రల కూసొని బతుకంతా ఆ చప్పుడుకే చెవొగ్గినోడు కిషన్ రావు. లెక్కల మీదున్నా, అన్నం ముందున్నా అది వినవడితే ఊకోడు. ఇప్పుడు సుత ఊకోలే. కుర్సీల నుంచి దిగ్గున లేచి కేకేసిండు.

"సాంబమూర్తీ! పోగు తెగింది, కండ్లు వోయినయారా? ఆపు!"

"ఆపుతాన సేటూ!" అని సాంబమూర్తి లేచి, స్విచ్చి కోసం గోడ తడిమిండు.

కిషన్ రావు మెల్లగ కూసున్నడు. నుదుటి మీద చెమట తుడుసుకున్నడు.

సుహాసిని రాసుడు మొదలువెట్టింది. "పేరు సాంబమూర్తి. సరే, ఈయన మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

కిషన్ రావు తలకాయ వంచుకున్నడు.

"నా పెండ్లి గాకముందు సంది, మేడమ్."